బంగారు కాలువ కింద కాణి నేల

పుదుచ్చేరి కొత్త బస్టాండులో కడలూరు బస్సెక్కితే అరియాంకుప్పం వంతెన దాటేదాకా అంతా పట్టణమే. తవళకుప్పం వెళ్లాక కుడిచేతి వైపు కాస్త పచ్చదనం తొంగిచూస్తుంది. కిరుమాంబాక్కం దాటి పడమటికి తిరిగితే బాహూరు దారి. సంక్రాంతి వెళ్లిన రెండో వారం అది. సగం రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లన్నీ మిగతా సగంలోంచి ఒద్దికగా పోతున్నాయి. హారన్ కొట్టి విసుక్కుంటున్నవాళ్లు ఎవరూ లేరు. నడివయసు ఆవిడ ఒకరు చీర ఎగదోపి, వడ్లలో పాదాలతో చాళ్లు తీసుకుంటూ నడుస్తోంది. ఆ కొసదాకా పోయి, మళ్లీ ఇటు తిరిగి. కాలివేళ్ల సందులోంచి గింజలు జారే చప్పుడు సన్నగా వినిపిస్తోంది. మధ్యలో ఆగి, వంగి, ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికింది. టక్కుమంది. తలాడించి మళ్లీ నడక అందుకుంది.

నేను ఫోనులో మాట్లాడుతుంటే విని, "ఏ ఊరు మీది?" అని తెలుగులోనే అడిగింది. విలియనూరు, బాహూరు చుట్టుపక్కల తరాల కిందట వచ్చి స్థిరపడిన రెడ్డియార్ల ఇళ్లు, నాయుళ్ల ఇళ్లు ఉన్నాయి. బళ్లో తమిళం, ఇంట్లో తెలుగు. నెల్లూరని చెప్పాను. "అయితే మీది నెల్లు ఊరే గదన్నా" అని నవ్వింది. తమిళంలో నెల్లు అంటే వడ్లు. ఆ నవ్వుతో నాకు బాహూరు పరాయి ఊరు కాకుండా పోయింది.

ఆమెకున్నది ఒక కాణి. ఇక్కడ నేలను కుళి లెక్కన కొలుస్తారు. కుళి అంటే 576 చదరపు అడుగులు. వంద కుళ్లు ఒక కాణి, మన లెక్కలో ఎకరం ముప్ఫై రెండు సెంట్లు. ఆమె పొలం గట్టుకు అవతల, వడ్లు పండిన నేల మీదే, తెల్ల రంగు వేసిన హద్దురాళ్లు పాతి ఉన్నాయి. ఆ నేలను చదరపు అడుగుల్లో అమ్ముతున్నారు. కుళి అన్న మాట చదరపు అడుగుగా మారిందంటే ఆ మడిలోకి ఇక నాగలి దిగదని ఈ ఊళ్లో అందరికీ తెలుసు.

చిన్న కమతం బాహూరు ఒక్కదాని కథ కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం హెక్టారుకు కూడా రాదు. అయితే పుదుచ్చేరి వరిరైతుకు మరో ఇరుకు ఉంది. సముద్రం ఒక పక్క, పట్టణం ఒక పక్క, తమిళనాడు మిగతా అన్ని పక్కలా. ఈ ఇరుకులో కాణి, అరకాణి నేల ఉన్న ఇల్లు ఇంకా వరి వేస్తోందంటే ఆ ఇంటిని ఏం నిలబెడుతోంది? ఆ జవాబు కోసమే ఈ ఊరు వచ్చాను.

మొదటి జవాబు నీళ్లలో దొరికింది.

కర్ణాటకలో నంది కొండల దగ్గర రెండు నదులు పుడతాయి. ఉత్తర పినాకిని అనంతపురం, కడప మీదుగా పారి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం పెన్న అంటాం. దక్షిణ పినాకిని బెంగళూరు చుట్టుపక్కల మురుగును కూడా మోసుకుంటూ తమిళనాడులోకి దిగి, సాత్తనూరు డ్యాము దాటి, తెన్‌పెన్నై పేరుతో కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. పెన్న నీళ్లు తాగి పెరిగిన నేను దాని తోబుట్టువును మొదటిసారి చూసింది సొర్ణావూరు ఆనకట్ట దగ్గర. అక్కడి నుంచి బాహూరు చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ పేరు బంగారు వాయ్‌క్కాల్. తమిళంలో బంగారాన్ని తంగం అంటారు, పొన్ను అంటారు. ఈ కాలువ పేరు మాత్రం తెలుగు చెవికి చుట్టంలా వినిపిస్తుంది. బంగారి, సింగారి అని ఇద్దరు అక్కాచెల్లెళ్లు, గుడిలో నాట్యం చేసేవాళ్లు, తమ నగలూ డబ్బూ పోసి కాలువలు తవ్వించారని ఇక్కడ చెప్పుకుంటారు. పట్టణం నడిబొడ్డున భారతి పార్కులో ఉన్న తెల్లటి ఆయీ మండపానిదీ అలాంటి కథే. తన ఇల్లు పడగొట్టించి అక్కడ కొలను తవ్వించిందని చెప్పే ఆయీ అనే ఆవిడ జ్ఞాపకంగా మూడో నెపోలియన్ కాలంలో దాన్ని కట్టారు. చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది పండితులు తేల్చనీ. నీళ్లు తెచ్చిన ఆడవాళ్లను ఇన్ని తరాలు తలుచుకుంటున్న ఊళ్లివి.

ఊసుడు తర్వాత పుదుచ్చేరిలో పెద్ద చెరువు బాహూరుదే. తొమ్మిదో శతాబ్దంలో పల్లవ రాజు నృపతుంగవర్మ బాహూరులోని విద్యాస్థానానికి మూడు ఊళ్లు రాసిచ్చినట్టు ఇక్కడ దొరికిన రాగిరేకులు చెబుతున్నాయి. అంటే ఆ బడి నడిచింది నేల పంట మీద. 1749 ప్రాంతంలో ఆర్కాటు నవాబు చందాసాహెబు విలియనూరునూ బాహూరునూ ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1752లో ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఈ ఊరి దగ్గరే యుద్ధం చేశారు. ఒడ్డున కోట కట్టుకున్నవాడికి తిండిగింజల నేల కావాలి, శిస్తు కావాలి. రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఇంతకీ చెరువును చూసుకున్నది ఎవరు? చోళుల కాలంలో పనికొక వారియం, అంటే కమిటీ ఉండేది. చెరువుకు ప్రత్యేకంగా ఏరి వారియం ఉండేదని ఉత్తరమేరూరు శాసనాలు చదివినవాళ్లకు తెలుసు. ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరి ఊళ్లలో 'సిండికా అగ్రికోల్' పేరుతో రైతుసంఘాలు, 'కేస్ కొమ్యూన్' అనే ఉమ్మడి నిధి ఉండేవి. తూము మరమ్మతు, గట్టు కాపలా, పూడికతీత, అన్నీ రైతులు వేసుకున్న డబ్బుతోనే. ఆ తర్వాత బోర్లు వచ్చాయి, బోర్లకు ఉచిత కరెంటు వచ్చింది. ఎవరి నీళ్లు వాళ్ల మీట కిందకు వచ్చేసరికి, గట్టు మీద చెట్లు మొలిచినా తూము కారినా చూసే మనిషి లేకుండా పోయాడు. బోరు లోతు పెంచుకునే స్తోమత ఉన్నవాడు పెంచుకున్నాడు. అరకాణి రైతు పక్కవాడి బోరు దగ్గర నీళ్లు కొనుక్కునే స్థితికి వచ్చాడు. ఇటు సముద్రం నుంచి ఉప్పునీరు నేలలోకి తోసుకొచ్చింది. తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే తెలిసిపోతుంది, వరికి అది ఏపాటి నీరో.

1999లో ఐరోపా సంఘం సాయంతో పుదుచ్చేరిలోని 84 చెరువులను బాగుచేసే పథకం మొదలైంది. పూడిక తీయడం దానిలో సగం పని. మిగతా సగం చెరువు సంఘాలు పెట్టించడం. ఆయకట్టులో నేల ఉన్నవాళ్లే కాకుండా భూమి లేనివాళ్లూ, ఆడవాళ్లూ అందులో కూర్చున్నారు. గట్టు మీది చెట్ల ఫలసాయం, చేపల వేలం డబ్బు చెరువు నిధిలో పడాలన్నది ఏర్పాటు. కొన్ని ఊళ్లలో అది నిలిచింది, కొన్నింట్లో పథకం డబ్బుతో పాటే సన్నగిల్లింది. నిలిచిన ఊరికీ నిలవని ఊరికీ తేడా చూడాలంటే వేసవిలో తూము దగ్గర నిలబడాలి. కాలువలో గడ్డి కోసి ఉంటే ఆ ఊళ్లో చిన్న రైతు ఇంకా మాట చెల్లించుకుంటున్నాడన్నమాట. చిన్న కమతం బతకాలంటే ముందు ఉమ్మడి సొత్తు బతకాలని నేను నమ్ముతున్నాను. చెరువు, విత్తనం, అంగడి, ఈ మూడూ ఒంటరిగా కాణి రైతు చేతిలో ఇమిడేవి కావు.

ఇక ఇంటి లెక్క. 2025-26కు కేంద్రం సాధారణ రకం వడ్లకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అదే ప్రకటనలో ఖర్చు 1,579 రూపాయలని లెక్క కట్టారు. పెట్టుబడి, ఇంటి మనుషుల కష్టం, రెండూ కలిపిన లెక్క అది. కాణి నేలలో మంచి పంట పండి 25 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. అమ్మితే 59,225 రూపాయలు. ఖర్చు 39,475. మిగిలేది 19,750. నారుమడి పోసిన రోజు నుంచి వడ్లు ఇల్లు చేరే దాకా సాంబా అనే వరి కారుకు అయిదు నెలలు పడుతుంది. నెలకు నాలుగు వేలు కూడా లేదు. ఇందులో సొంత నేలకు అద్దె లేదు, సొంత డబ్బుకు వడ్డీ లేదు. ఎమ్మెస్ స్వామినాథన్ నాయకత్వంలోని జాతీయ రైతు కమిషన్ ఖర్చు మీద సగం కలిపి ధర ఇవ్వమంది. ఆ ఖర్చులో ఇవి కూడా చేర్చాలనే రైతుసంఘాలు ఇప్పటికీ అడుగుతున్నాయి.

ఈ లెక్క ఆమె ముందు పెడితే కాగితం వైపు చూడను కూడా లేదు. "అది నెల్లు లెక్కన్నా. మా ఇంటి లెక్కలో పాలుంటాయి, పూలుంటాయి, మా ఆయన కూలి ఉంటుంది" అంది. వరిగడ్డి ఆమె ఆవుకు మేత. పాలు పొద్దుటా సాయంత్రం సొసైటీకి పోసి, పుదుచ్చేరి పాల సహకార సంస్థ పాన్‌లే నుంచి వచ్చే డబ్బుతో ఎరువు కొంటుంది. గట్టు వార పది కుళ్లలో కనకాంబరం వేసింది. భర్త ఊళ్లో వాళ్ల పొలాలకు మందు కొట్టడానికి, గట్లు వేయడానికి పోతాడు. వడ్లు ఇంటికి తిండి, ఆవుకు గడ్డి, బంధువుల్లో పరువు ఇస్తాయి. నెల ఖర్చు మాత్రం మిగతావాటి నుంచే వెళ్లాలి.

ఒకప్పుడు ఈ మిగతావాటిలో పెద్ద వాటా పట్టణానిది. పుదుచ్చేరి నూలుమిల్లుల్లో పనిచేసినవాళ్లలో ఎంతోమంది చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ల మీద వచ్చినవాళ్లే. ఒక కాలు మిల్లులో, ఒక కాలు మడిలో. 1936 జులై 30న ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడి తూటాలకు బలైన పన్నెండు మంది కార్మికుల ఊరిది. ఆ మిల్లుల జీతం వర్షం లేని ఏడు వరిని కాపాడింది. ఏఎఫ్‌టీ మిల్లు 2020లో పూర్తిగా మూతపడింది, స్వదేశీ, భారతి మిల్లులదీ అదే గతి. లింగారెడ్డిపాళయం సహకార చక్కెర మిల్లు ఆడటం మానేసి ఏళ్లు గడిచాయి. ఊరి పేరులో తెలుగు ఉంది, మిల్లులో పొగ లేదు. చెరకు వేసిన రైతు కొందరు వరికి తిరిగొచ్చారు, కొందరు సరుగుడు తోట పెట్టి ఊరు విడిచారు. సరుగుడుకు నాట్లు అక్కర్లేదు, కలుపు కూలీలు అక్కర్లేదు. కూలి ఆడవాళ్లకు అక్కడ పనీ లేదు. ఒక కాణి వరి ఎన్ని ఇళ్లకు పని ఇస్తుందో సరుగుడు పెట్టాక గాని తెలియదు.

చిన్న రైతు ఇంటికి వరి ఒక్కటే చాలదన్న సంగతిని ముందే గుర్తించి, పని మొదలుపెట్టింది కూడా ఈ నేల మీదే. 1991లో స్వామినాథన్ ఫౌండేషన్ విలియనూరు దగ్గర కీళూరు, శివరాంతకం, పిళ్ళైయార్‌కుప్పం ఊళ్లలో 'బయోవిలేజ్' పని చేపట్టింది. వరిగడ్డి మీద పుట్టగొడుగులు, గుంటల్లో చేపలు, పాడి, పూలు. భూమి లేని ఆడవాళ్లకు పెద్దపీట. 1998 నుంచి పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టి ధాన్యం ధరలు, వాతావరణం తమిళంలో చెప్పసాగారు. సెల్‌ఫోన్లు పల్లెకు రాని రోజులవి. కీళూరు పేరు ఇంకో కారణానికి కూడా చరిత్రలో ఉంది. 1954 అక్టోబరు 18న ఫ్రెంచి స్థావరాల ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమై, 170 మంది భారతదేశంలో కలవడానికి ఓటేసింది ఈ ఊళ్లోనే. అదే విలియనూరు చుట్టుపక్కల ఉంది కూడపాక్కం. 2012లో పద్మశ్రీ అందుకున్న వెంకటపతి రెడ్డియార్‌ది ఆ ఊరే. ఆయనకు పేరు తెచ్చింది కనకాంబరం. వరి ఊళ్లో పద్మశ్రీ పూలకు వచ్చిందంటే అందులో ఒక పాఠం ఉంది, పాలకులు చదువుకోవాల్సినది.

విత్తనం దగ్గరికి వస్తే నాకు గర్వంగా ఉంటుంది, చెప్పకుండా ఉండలేను. ఆమె రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఏ రకం అని అడిగితే "ఆంధ్రా పొన్ని" అంది. తమిళనాట ఆ పేరుతో చెలామణి అయ్యేది మన బాపట్లలో పుట్టి, 1986లో విడుదలైన బీపీటీ 5204. అదే సాంబ మసూరి. దాని తల్లిదండ్రుల్లో ఒకటి జీఈబీ 24, కోయంబత్తూరు పరిశోధన కేంద్రం ఇచ్చిన కిచిలి సాంబ. మరొకటి మలేసియా నుంచి వచ్చిన మసూరి. తమిళుల పొన్ని కూడా ఆ మసూరి లోంచి వచ్చిందే. అంటే తమిళ గింజ బాపట్లకు కాపురానికి వచ్చి, కూతుర్ని కని, ఆ కూతురు ఆంధ్రా పేరుతో తల్లి పుట్టింటికి చేరింది. సన్నబియ్యం, రుచి బాగుంటుంది, మిల్లులవాళ్లు అడిగి కొంటారు. అయితే నూట యాభై రోజులు పొలంలో ఉండాలి. అగ్గి తెగులు, ఎండాకు తెగులు రెండింటికీ లొంగుతుంది. కార్తెలు తప్పిన ఏడు ఆ నూట యాభై రోజులే రైతు మెడకు చుట్టుకుంటాయి.

దేశంలో మొట్టమొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో మొదలైంది పుదుచ్చేరిలోనే. ఇప్పుడు కురుంబాపేటలో ఉంది. ఈ గడ్డకు తగిన రకాలనూ పుదుచ్చేరి విడుదల చేసుకుంది: పుదువై పొన్ని, పునీతవతి, భారతిదాసన్. పునీతవతి అంటే కారైక్కాల్ అమ్మయారు అసలు పేరు. భారతిదాసన్ ఈ పట్టణం కవి. వడ్ల గింజకు భక్తురాలి పేరు, కవి పేరు పెట్టుకున్న ఊరు మరొకటి ఉందేమో గానీ నేను చూడలేదు. మరోపక్క ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన నమ్మాళ్వార్, పాత వరి విత్తనాలు కాపాడిన 'నెల్' జయరామన్‌ల బాటలో మాప్పిళ్లై సాంబ, కరుప్పు కవుని వంటి నాటు రకాలు వేస్తున్న రైతులు కొద్దిమంది తగులుతారు. దిగుబడి తక్కువ, ధర ఎక్కువ. పట్టణంలో ఆరోగ్యం కోసం ఆ బియ్యం అడిగే ఇళ్లు పెరిగాయి. కాణిలో పావు వంతు అలా వేసి, నేరుగా ఇళ్లకు అమ్ముకునే రైతుకు దళారి బెడద ఉండదు. ఆ పావు వంతు పెంచాలంటే మాత్రం అరకాణికి తగ్గ చిన్న మిల్లు కావాలి, నిలవ చేసే గది కావాలి. అవి సంఘం పెట్టుకోవాల్సినవి.

అంగడి సంగతి అన్నిటికన్నా చిక్కు. పుదుచ్చేరి నేల ముక్కలు ముక్కలుగా తమిళనాడు లోపల చెదిరి ఉంది. ఒక గట్టు ఈ ప్రభుత్వానిది, అవతలి గట్టు ఆ ప్రభుత్వానిది. తమిళనాడు పౌరసరఫరాల సంస్థ కొనుగోలు కేంద్రంలో వడ్లు పోయాలంటే అక్కడి గ్రామ పరిపాలనాధికారి ఇచ్చిన కాగితాలు ఉండాలి. మడి నీళ్లకు హద్దు లేదు, వడ్లకు ఉంది. ఇవతలి రైతు మార్కెట్ కమిటీ వేలం మీద, కళ్లం దగ్గరికి లారీతో వచ్చే వ్యాపారి మీద ఆధారపడతాడు. పదిహేడు శాతానికి మించి తేమ ఉంటే మద్దతు ధర మాట ఎత్తకూడదు. చైన్ మిషను కోసిన పచ్చి వడ్లు ఆరబోయడానికి సిమెంటు కళ్లం లేదు. అందుకే ఆ రోడ్డు, అందుకే ఆ కాళ్లు.

ఈ వడ్లకు పక్కనే ఒక అంగడి ఉండొచ్చు, రేషన్ దుకాణం. 2015 సెప్టెంబరులో చండీగఢ్‌తో పాటు పుదుచ్చేరిలోనూ రేషన్ బియ్యం బదులు బ్యాంకు ఖాతాలో డబ్బు వేయడం మొదలైంది. రేషన్ దుకాణాలు మూతపడ్డాయి. బియ్యమా, డబ్బా అని ముఖ్యమంత్రికీ లెఫ్టినెంట్ గవర్నరుకూ మధ్య కోర్టు దాకా నడిచిన వ్యాజ్యం ఈ ఊళ్లో అందరికీ గుర్తే. 2024లో దీపావళి ముందు దుకాణాలు మళ్లీ తెరిచి ఉచిత బియ్యం ఇవ్వడం ప్రారంభించారు. ఆ బస్తాల్లోకి బాహూరు, విలియనూరు వడ్లు వెళ్లాలి. పట్టణం తినే బియ్యంలో కొంతైనా పట్టణం పక్కన పండినదై ఉండాలని ఒక నిబంధన పెడితే, చిన్న రైతుకు కొనేవాడు ఎవరో నారు పోసేటప్పుడే తెలుస్తుంది. వేరే పథకం అక్కర్లేదు. దుకాణాలు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి, మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు.

వాన సంగతి చెప్పకపోతే ఇక్కడి వరి కథ పూర్తి కాదు. ఈ నేలకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపానులూ అప్పుడే. 2011 డిసెంబరు చివర్లో థానే, 2020 నవంబరులో నివర్. 2024 నవంబరు 30న ఫెంగల్ పుదుచ్చేరి దగ్గరే తీరం దాటి ఒక్కరోజులో దాదాపు 48 సెంటీమీటర్ల వాన కురిపించింది. అది తగ్గిందనుకునేలోపు సాత్తనూరు డ్యాము నుంచి లక్షన్నర క్యూసెక్కులకు పైగా వదిలారు. తెన్‌పెన్నై బాహూరు ఊళ్ల మీదికి వచ్చింది. పొట్ట మీదున్న సాంబా పైరు మీద బురద నీళ్లు. హెక్టారుకు ముప్ఫై వేలు పరిహారం ప్రకటించారు. ఆమె కాణికి అది దాదాపు పదహారు వేలే.

"ఆ ఏడు ఏం చేశావమ్మా?" అని అడిగాను.

"ఆవును అమ్మలేదు" అంది. అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. నీళ్లు తీశాక మిగిలిన గడ్డిని గట్టు మీద ఆరేసి ఆవును నిలుపుకుందని, తర్వాతి పంటకు విత్తనం తోటికోడలి ఇంటి నుంచి తెచ్చుకుందని ఆమె భర్త చెప్పాడు.

ఎండ వాలింది. ఇద్దరూ వడ్లు కుప్ప చేశారు. ఆయన చేటతో ఎత్తి పోస్తుంటే ఆమె గోనె మూతి పట్టుకుంది. గాలికి తాలు ఎగిరి రోడ్డు మీద పడుతోంది. పదో బస్తా కుట్టాక ఆమె చేయి అడ్డం పెట్టి ఆపింది. ఆ తర్వాతివి నాలుగు బస్తాలు విడిగా గోడవార పెట్టించింది, ఇంటికి. అయిదోదాన్ని తనే విప్పి చూసి, రాళ్లు ఏరి, వేపాకు వేసి మూతి బిగించింది, విత్తనానికి. లారీ కోసం ఎదురుచూస్తూ మిగతా వాటిపై టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, పడమటి ఆకాశం వైపు ఒకసారి చూసి, పాలు తీయడానికి లోపలికి వెళ్లింది.